టర్బో ఇంజన్ రీబిల్డ్, ట్యూనింగ్: తిరుపతి, చిత్తూరు బండ్లవాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

రీమ్యాప్ (ఇంజన్ కంప్యూటర్, అంటే ఈసీయూలోని ప్రోగ్రాం మార్చడం) చేయించాలా, ఇంజన్ దించాలా, పెద్ద టర్బో (ఎగ్జాస్ట్ ఊపుతో తిరిగి ఇంజన్‌లోకి గాలిని నొక్కేది) పెట్టించాలా అని అడిగేవాళ్లకు ఒక్కొక్కరికీ చెప్పి చెప్పి నోరు నొప్పి పుట్టింది, అందుకే అన్నీ ఒకచోట రాసేస్తున్నాను. పెట్రోల్, డీజిల్ రెండింటి సంగతీ ఉంది, ఏది దేనికి వర్తిస్తుందో అక్కడక్కడే చెప్పాను. నా మాట ముందే చెప్పేస్తా: పవర్ పెంచడం పెద్ద కష్టమేం కాదు, పెంచిన పవర్‌ని మే నెలలో మన ఎండకి తట్టుకునేలా నిలబెట్టడమే అసలు పని. కాబట్టి కింద ల్యాప్‌టాప్ ముచ్చట్లు తక్కువ, కొలతల ముచ్చట్లు ఎక్కువ.

ఇంజన్ ముట్టుకోకుండా రీమ్యాప్ ఒక్కటే చేయిస్తే ఎంత పెరుగుతుంది అన్నా?

కంపెనీ నుంచే టర్బోతో వచ్చిన బండి అయితే సుమారు 20 నుంచి 30 శాతం. 1.3 మల్టీజెట్ స్విఫ్ట్ ఉందనుకోండి, కంపెనీ లెక్క 75 పీఎస్ పవర్ (హార్స్‌పవర్ లాంటి కొలత), 190 న్యూటన్ మీటర్ల టార్క్ (తిప్పే బలం). మంచి రీమ్యాప్‌తో 95 దాకా తీసుకెళ్లొచ్చు. టర్బో లేని పెట్రోల్ బండికి రీమ్యాప్ చేయిస్తే 5 శాతం రావడం కూడా గగనం, ఆ డబ్బుతో నాలుగు మంచి టైర్లు వేయించుకోండి.

ఆ 20 శాతం ఎక్కడి నుంచి వస్తుందో కూడా తెలుసుకోవాలి. కంపెనీవాడు చేతకాక వదిలేసింది కాదు అది. కల్తీ పెట్రోల్ పడిన రోజు, ఎయిర్ ఫిల్టర్ దుమ్ముతో మూసుకుపోయిన రోజు, 43 డిగ్రీల ఎండలో అయిదుగురు కూర్చుని ఏసీ వేసుకుని ఘాట్ ఎక్కే రోజు, ఇలాంటి చెడ్డ రోజులన్నిటికీ కలిపి దాచి ఉంచిన మార్జిన్ అది. రీమ్యాప్ అంటే అందులోంచి కొంత ఖర్చు పెట్టేయడం. పెట్టొచ్చు, తప్పేం లేదు, కానీ ఆ చెడ్డ రోజుల్లో బండిని అంతకంటే జాగ్రత్తగా చూసుకోవాలి.

స్విఫ్ట్‌లో 75, ఎర్టిగాలో 90 పీఎస్, ఇంజన్ ఒక్కటే కదా, టర్బో మార్చేస్తే సరిపోదా?

బ్లాక్ (సిలిండర్లుండే ఇంజన్ దిమ్మ) అదే 1248 సీసీ. కానీ 90 పీఎస్ దానిలో ఉన్నది వేరియబుల్ జామెట్రీ టర్బో, అంటే లోపలి వేన్లు తిరిగి తక్కువ ఆర్‌పీఎమ్‌లో సందు బిగిస్తాయి, ఎక్కువలో వదులు చేస్తాయి. దాన్ని నడిపించడానికి ఈసీయూలో ప్రోగ్రాం ఉండాలి, వైరింగ్ ఉండాలి, వాక్యూమ్ లైన్ ఉండాలి. టర్బో ఒక్కటి తెచ్చి బిగిస్తే వేన్లు ఒకేచోట నిలబడి బండి ఉన్నదానికన్నా చెత్తగా నడుస్తుంది. చేస్తే మొత్తం సెటప్ చేయాలి, లేదంటే వదిలేయాలి.

నా ఇంజన్ ట్యూనింగ్‌కి తట్టుకుంటుందో లేదో ముందే తెలిసేదెలా?

లక్ష కిలోమీటర్లు దాటిన బండికి ఏ పరీక్షా చేయకుండా నేరుగా ఫైల్ (రీమ్యాప్ ప్రోగ్రాం) ఎక్కించే ట్యూనర్ దగ్గరికి వెళ్లకండి, ఇందులో రెండో మాట లేదు. ముందు కంప్రెషన్ టెస్ట్, అంటే ఒక్కో సిలిండర్‌లో గాలి ఎంత ప్రెషర్‌కి నొక్కుకుంటోందో కొలవడం. సిలిండర్ల మధ్య తేడా 10 శాతం లోపు ఉండాలి. అంకె ఎంత వచ్చిందన్నదాని కంటే అన్నీ దగ్గరదగ్గరగా ఉన్నాయా లేదా అన్నదే ముఖ్యం.

తర్వాత లీక్‌డౌన్ టెస్ట్. ఇది మన దగ్గర చాలా షెడ్లలో చేయరు, అడిగి మరీ చేయించుకోవాలి. పిస్టన్‌ని పైకి తెచ్చి, గేర్ వేసి క్రాంక్ కదలకుండా చూసుకుని, స్పార్క్ ప్లగ్ రంధ్రంలోంచి కంప్రెసర్ గాలి వదులుతారు. ఎంత శాతం గాలి కారిపోతోందో గేజ్ చెబుతుంది. ఎక్కడి నుంచి కారుతోందో చెప్పడానికి మన చెవి చాలు. ఆయిల్ క్యాప్ తీసి చెవి పెడితే బుస్సుమని వినబడితే పిస్టన్ చుట్టూ ఉండే రింగులో, పిస్టన్ ఆడే బోరో అరిగింది. సైలెన్సర్ గొట్టంలోంచి వినిపిస్తే ఎగ్జాస్ట్ వాల్వ్. థ్రాటిల్ దగ్గర వినిపిస్తే ఇన్‌టేక్ వాల్వ్. రేడియేటర్‌లో బుడగలు వస్తే హెడ్ గ్యాస్కెట్ గానీ, హెడ్ పగులు గానీ. 10 శాతం లోపు కారితే ఇంజన్ బాగున్నట్టే. 20 దాటిందంటే రీమ్యాప్ మాట పక్కనపెట్టి ఇంజన్ పని గురించి ఆలోచించండి. డీజిల్‌కి గ్లో ప్లగ్ రంధ్రం నుంచి ఇదే పని చేయొచ్చు.

పొగ రంగు చూసి చెప్పేయొచ్చుగా?

కొంతవరకే. నీలం పొగ అంటే ఆయిల్ కాలుతోంది, కానీ అది రింగుల నుంచా, వాల్వ్ సీల్స్ నుంచా, టర్బో సీల్ నుంచా అన్నది పొగ చెప్పదు. టర్బో సీల్ ఒక్కటి పోయినదానికి ఇంజన్ దించినవాళ్లూ ఉన్నారు, ఇంజన్ పోయిందని భయపడి బండి అమ్ముకుంటే కొన్నవాడు టర్బో ఒక్కటి మార్చుకుని హాయిగా తిప్పుకుంటున్న సందర్భాలూ ఉన్నాయి.

‘ఫుల్ ఇంజన్ చేయించాను’ అంటారు, అసలు అందులో ఏమేం చేస్తే ఫుల్ అయినట్టు?

ఆ మాటకి షెడ్డుకో అర్థం ఉంది. కొందరు రింగులు, బేరింగ్ షెల్స్, గ్యాస్కెట్ సెట్ మార్చి ఫుల్ అంటారు. మామూలుగా తిప్పుకునే బండికి అదీ నడుస్తుంది, పవర్ పెంచే ఇంజన్‌కి మాత్రం నడవదు.

లేత్‌కి బ్లాక్ ఇచ్చేటప్పుడు అడగాల్సింది రేటు కాదు, కొలతలు. బోరుని పైన, మధ్యలో, కింద, ప్రతిచోటా రెండు దిక్కుల్లో డయల్ బోర్ గేజ్‌తో కొలిచి కాగితం మీద రాసివ్వమనండి. పైకీ కిందికీ తేడా వస్తే టేపర్, అడ్డానికీ నిలువుకీ తేడా వస్తే ఓవల్. కంపెనీ మాన్యువల్లో ఇచ్చిన లిమిట్ దాటితే ఓవర్‌సైజ్ (కొంచెం పెద్ద) పిస్టన్ తెప్పించాలి. ఇక్కడ వరుస తప్పకూడదు: పిస్టన్లు చేతికొచ్చాక, వాటిని మైక్రోమీటర్‌తో కొలిచాక, అప్పుడే బోరింగ్, అంటే బోరుని ఆ సైజుకి పెద్దది చేయడం. డబ్బా మీద 0.50 (మి.మీ. ఓవర్‌సైజ్) అని రాసుంది కదా అని ముందే బోర్ కొట్టేసే లేత్ అయితే బ్లాక్ వెనక్కి తెచ్చేసుకోండి. ఫోర్జ్డ్ (సాగగొట్టి గట్టిపరిచిన) పిస్టన్‌కి, మామూలు కాస్ట్ (పోతపోసిన) పిస్టన్‌కి వదలాల్సిన సందు వేరు. ఫోర్జ్డ్‌లో కూడా 2618 అల్లాయ్ ఎక్కువ వ్యాకోచిస్తుంది, 4032 తక్కువ వ్యాకోచిస్తుంది. అందుకే 2618 పెట్టిన ఇంజన్ పొద్దున్నే స్టార్ట్ చేయగానే కాసేపు టకటకమంటుంది, వేడెక్కాక ఆ శబ్దం పోతుంది.

బోరింగ్ అయ్యాక హోనింగ్, అంటే రాళ్లతో సన్నగా రుద్దడం. బోరు గోడ మీద అడ్డదిడ్డంగా ఒకదాన్నొకటి దాటే సన్నటి గీతలు కనబడాలి, ఆయిల్ నిలిచేది ఆ గీతల్లోనే. వీలైతే బ్లాక్ మీద టార్క్ ప్లేట్ (హెడ్ బదులు బిగించే మందపాటి పలక) బిగించి హోన్ చేసే చోటికి వెళ్లండి, ఎందుకంటే హెడ్ బోల్టులు బిగించగానే బోరు ఆకారం కొద్దిగా మారుతుంది, ప్లేట్ వేసి హోన్ చేస్తే ఆ మారిన ఆకారంలోనే గుండ్రంగా వస్తుంది. హెడ్, బ్లాక్ ఫేసులు స్ట్రెయిట్ ఎడ్జ్ పెట్టి చూడాలి, 0.05 మి.మీ. ఫీలర్ కిందికి దూరితే ఫేసింగ్ (చదును) చేయించాలి. డీజిల్‌కి ఫేసింగ్ చేస్తే పిస్టన్ బయటికి ఎంత పొడుచుకొస్తోందో మళ్లీ కొలిచి దానికి తగ్గ మందం గ్యాస్కెట్ వేయాలి. ఇది మర్చిపోతే వాల్వులు పిస్టన్‌కి తగులుతాయి.

ఆఖర్లో కడగడం. నవ్వకండి, కొత్త ఇంజన్లు పోయేది ఇక్కడే. హోనింగ్ రాళ్ల పొడి ఆ గీతల్లో ఇరుక్కుని ఉంటుంది, పెట్రోల్‌తో తుడిస్తే పోదు. వేడినీళ్లు, సబ్బు, గట్టి బ్రష్. ఆరబెట్టి, ఆయిల్ రాసి, తెల్లటి పాత పంచె గుడ్డతో బోరు తుడవండి. గుడ్డ మీద బూడిద రంగు మరక వస్తే మళ్లీ కడగాలి, మళ్లీ తుడవాలి, గుడ్డ తెల్లగా వచ్చేదాకా. ఆయిల్ గ్యాలరీల ప్లగ్గులు కూడా తీయించి లోపల బ్రష్ కొట్టించండి.

రింగ్ గ్యాప్ (పిస్టన్ రింగు కొసల మధ్య సందు) గురించి అంత పట్టుబడతావెందుకు?

టర్బో ఇంజన్‌లో పిస్టన్ పగలడానికి సగం కారణం అదే కాబట్టి. రింగ్ వేడెక్కితే పొడుగవుతుంది. బూస్ట్ (టర్బో నొక్కే గాలి ప్రెషర్) పెంచితే ఇంకా వేడెక్కుతుంది, ఇంకా పొడుగవుతుంది. రెండు కొసల మధ్య సందు చాలకపోతే కొసలు ఒకదానికొకటి తగులుకుంటాయి, రింగ్‌కి పోవడానికి చోటుండదు, బోరుని గీరుతుంది, లేదా పిస్టన్ రింగ్ ల్యాండ్‌ని (రింగు కూర్చునే గాడి అంచుని) విరిచేస్తుంది.

కొలవడం ఇలా. రింగుని బోరులో పెట్టి, పిస్టన్‌ని తలకిందులు చేసి దాంతో రింగుని ఒక అంగుళం లోపలికి సమంగా తోయండి. వంకరగా ఉంటే కొలత తప్పు వస్తుంది. కొసల మధ్య ఫీలర్ గేజ్ పెట్టి చూడండి, బ్లేడ్ కొంచెం పట్టుకుంటూ జారాలి. ఒక మోస్తరు బూస్ట్ ఉన్న పెట్రోల్ ఇంజన్‌కి బోరులో మిల్లీమీటరుకి 0.005 మి.మీ. చొప్పున పై రింగ్ లెక్క వేసుకుంటారు. 82.5 మి.మీ. బోరున్న 1.8 టీఎస్ఐకి (ఫోక్స్‌వ్యాగన్, స్కోడా వాళ్ల టర్బో పెట్రోల్ ఇంజన్) అది 0.41 అవుతుంది. పిస్టన్ తయారీదారు ఇచ్చిన కాగితంలో వేరే అంకె ఉంటే అదే పాటించాలి. తక్కువుంటే రింగ్ ఫైలర్‌తో ఒకవైపు కొసనే, బయటి నుంచి లోపలికి రాయాలి, తర్వాత సన్నటి రాయితో అంచుల్లోని ముళ్లు తీసేయాలి. ప్రతి రింగ్ ఏ సిలిండర్‌దో గుర్తు పెట్టుకోండి. గ్యాప్ కొంచెం ఎక్కువైతే కాస్త బ్లో-బై (రింగులు దాటి కిందికి కారే గాలి) పెరుగుతుంది, అంతే. తక్కువైతే ఇంజన్ పోతుంది. అనుమానముంటే ఎక్కువ వైపే ఉండండి.

ఫోర్జ్డ్ పిస్టన్లు, రాడ్లు తప్పనిసరా?

కంపెనీ టర్బోతో, రీమ్యాప్‌తో ఆగేవాళ్లకి అక్కర్లేదు. పెద్ద టర్బో వేసేవాళ్లకి కావాలి. చాలామంది ఆర్‌పీఎమ్ వల్ల రాడ్ వంగుతుందనుకుంటారు. ఎక్కువ ఆర్‌పీఎమ్ రాడ్ బోల్టుల్ని సాగదీస్తుంది, రాడ్‌ని వంచేది టార్క్, అందులోనూ 2000 ఆర్‌పీఎమ్ దగ్గర ఒక్కసారిగా విరుచుకుపడే టార్క్. తెలివైన ట్యూనర్ అందుకే పీక్ టార్క్‌ని కొంచెం ఆలస్యంగా తెస్తాడు, కింద కొంచెం తగ్గించి పైన ఎక్కువసేపు నిలబెడతాడు. సీట్‌కి అతుక్కుపోయే ఆ మొదటి దెబ్బ కావాలని మనమే అడిగి మరీ చేయించుకుంటాం, అక్కడొస్తుంది చిక్కు.

చిన్న డైరెక్ట్ ఇంజెక్షన్ పెట్రోల్ టర్బోల్లో ఇంకో సమస్య ఉంది. తక్కువ ఆర్‌పీఎమ్‌లో, పై గేర్‌లో ఉండగా యాక్సిలరేటర్ మొత్తం నొక్కేస్తే స్పార్క్ రాకముందే మంట అంటుకునే ప్రమాదం ఉంటుంది. ఒక్క దెబ్బకే పిస్టన్ పగలొచ్చు. దీన్ని తగ్గించేలా తయారైన ఆయిల్స్ 2020 నుంచి ఏపీఐ ఎస్పీ గుర్తుతో వస్తున్నాయి, అవే వాడండి. అయిదో గేర్‌లో 40 మీద ఉండి ఓవర్‌టేక్ చేయాలనిపిస్తే ముందు గేర్ దించండి.

పాత హెడ్ బోల్టులే వాడొచ్చా?

టార్క్ ఇచ్చి ఆ తర్వాత డిగ్రీల్లో తిప్పే రకం అయితే వాడకూడదు. అవి బిగించినప్పుడే సాగుతాయి, రెండోసారి అదే బిగువు రాదు. కొత్తవి కొనండి, రాడ్ బోల్టులు కూడా.

1 బార్ బూస్ట్ మామూలేగా, ఇంకొంచెం పెంచితే ఏమవుతుంది?

వేడి. టర్బో సంగతంతా ఈ ఒక్క మాటలోనే ఉంది, అందుకే దీని మీద కొంచెం ఎక్కువ రాస్తాను. బయట 40 డిగ్రీలున్న గాలిని 1 బార్ బూస్ట్‌కి, అంటే వాతావరణ పీడనానికి రెట్టింపుకి నొక్కితే, కంప్రెసర్ 70 శాతం సామర్థ్యంతో పనిచేసినా, ఆ గాలి దాదాపు 140 డిగ్రీలతో బయటికొస్తుంది. చిన్న టర్బోని దాని శక్తికి మించి తిప్పితే సామర్థ్యం పడిపోతుంది, గాలి ఇంకా వేడెక్కుతుంది, గేజ్‌లో బూస్ట్ పెరిగినట్టు కనబడుతుంది కానీ లోపలికెళ్లే గాలి బరువు పెద్దగా పెరగదు. పవర్ ఇచ్చేది గాలి బరువు, గేజ్ మీద ముల్లు కాదు. ఇన్‌టేక్ 10 డిగ్రీలు పెరిగితే గాలి సుమారు 3 శాతం పలచబడుతుంది, పైగా పెట్రోల్ ఇంజన్ నాక్ అవ్వకుండా (ఇంధనం తనంతట తాను అంటుకుని కొట్టకుండా) ఈసీయూ స్పార్క్ టైమింగ్ వెనక్కి లాగేస్తుంది, అక్కడ ఇంకొంత పోతుంది.

ఓబీడీ (బండి సెన్సార్ల అంకెలు చూపించే స్కానర్) పెట్టి చూస్తే అర్థమవుతుంది. మే నెల మధ్యాహ్నం రేణిగుంట రోడ్డు మీద పరుగెడుతున్నప్పుడు ఇన్‌టేక్ టెంపరేచర్ బయటి వేడి కంటే ఓ పది పదిహేను డిగ్రీలే ఎక్కువ చూపిస్తుంది. అదే బండి లీలామహల్ సర్కిల్ దగ్గర సిగ్నల్‌లో ఇరుక్కుంటే ఇంటర్‌కూలర్‌కి (టర్బో నుంచి వచ్చే వేడి గాలిని చల్లబరిచేది) బయటి గాలి తగలదు, కింద తారు సెగ, పక్కన రేడియేటర్ సెగ, అంకె అలా ఎక్కుతూనే ఉంటుంది. గ్రీన్ సిగ్నల్ పడగానే తొక్కేవాళ్లు ఆ అంకె ఒకసారి చూసుకుంటే మంచిది.

కాబట్టి బూస్ట్ పెంచే ముందు ఇంటర్‌కూలర్. పెద్ద కోర్, దానికి గాలి సరిగ్గా చేరే దారి, పైపుల జాయింట్ల దగ్గర మంచి క్లాంపులు. రేడియేటర్‌లో కూలెంట్ పోయండి, బోరు నీళ్లు పోయకండి, ఆ ఉప్పు లోపల గడ్డకట్టి హెడ్ చుట్టూ ఉన్న సన్నటి దారులు మూసేస్తుంది.

పెద్ద టర్బో వేస్తే?

పైన పవర్ వస్తుంది, కింద లాగ్ (తొక్కాక టర్బో అందుకోవడానికి పట్టే ఆలస్యం) వస్తుంది. బెంగళూరు హైవే మీద బాగుంటుంది, గాంధీ రోడ్డులో చిరాకు పుడుతుంది. కొనేముందు కంప్రెసర్ మ్యాప్ (ఏ బూస్ట్‌లో టర్బో ఎంత గాలి ఇవ్వగలదో చూపే గ్రాఫ్) చూడండి: మీ ఇంజన్‌కి ఏ ఆర్‌పీఎమ్‌లో ఎంత గాలి కావాలో గుర్తు పెట్టుకుంటే ఆ చుక్కలన్నీ మ్యాప్ మధ్యలో పడాలి. ఎడమ గీత దాటితే సర్జ్ (గాలి వెనక్కి తన్నడం), కుడివైపు దాటితే టర్బో అతిగా తిరిగి వేడి మాత్రమే పుట్టిస్తుంది. మ్యాప్ ఇవ్వలేని, బ్రాండ్ లేని చైనా టర్బోని ‘జీటీ’ అని పేరు చూసి కొనకండి.

ఏ పెట్రోల్ పోయాలి? ఇథనాల్ కలిపింది ట్యూనింగ్‌కి మంచిదా చెడ్డదా?

రెండూ. ఇథనాల్ నాక్‌ని తగ్గిస్తుంది, ఆవిరవుతూ గాలిని చల్లబరుస్తుంది కూడా, అది మంచి. కానీ లీటరుకి శక్తి తక్కువ, కాబట్టి ఎక్కువ పోయాలి. ఇథనాల్ కలవని పెట్రోల్‌కి గాలి-ఇంధనం నిష్పత్తి 14.7 అయితే, 20 శాతం కలిపినదానికి సుమారు 13.5. పాత పెట్రోల్‌కి చేసిన పాత ఫైల్‌తో ఇంజెక్టర్లు ఇప్పటికే అంచుల దాకా తెరుచుకుంటుంటే, ఫుల్ థ్రాటిల్‌లో ఇంధనం చాలక లీన్ అవుతుంది. ఫ్యూయల్ పంప్, ఇంజెక్టర్ డ్యూటీ (ఎంత శాతం సేపు తెరిచి ఉంటోందో) రెండూ డేటా లాగ్‌లో (బండి తిరుగుతుండగా రికార్డయిన అంకెల్లో) చూసుకోండి, డ్యూటీ 85 శాతం దాటకూడదు.

95, 100 ఆక్టేన్ (నాక్‌ని ఎంత తట్టుకుంటుందో చెప్పే అంకె) పెట్రోల్ మన దేశంలో అమ్ముతారు, కానీ అన్ని బంకుల్లో ఉండదు. 100 ఆక్టేన్‌కి ట్యూన్ చేయించుకుని పలమనేరు దగ్గర మామూలు పెట్రోల్ పోయించుకుంటే ఏం చేస్తారు? మీరు రోజూ ఎక్కడ పోయించుకుంటారో దానికే ట్యూన్ చేయించండి. పూర్తి బూస్ట్‌లో ల్యాంబ్డా (గాలి-ఇంధనం లెక్క, 1 కంటే తగ్గితే ఇంధనం ఎక్కువున్నట్టు) 0.80 దగ్గర ఉంచడం మామూలు.

నాక్ అవుతోందని ఎలా తెలుస్తుంది? శబ్దం వినబడుతుందా?

ఏసీ, పాటలు, రోడ్డు హోరులో వినబడదు, వినబడే సరికి ఆలస్యమైపోతుంది. లాగ్‌లో నాక్ రిటార్డ్ చూడాలి, ఏ సిలిండర్‌లో ఎంత వెనక్కి లాగుతోందో కనబడుతుంది. ప్లగ్గులు తీసి లూపుతో చూసినా తెలుస్తుంది: పింగాణీ మీద మిరియం పొడి చల్లినట్టు సన్నటి నల్ల చుక్కలు, లేదా మెరిసే అల్యూమినియం రేణువులు ఉంటే పిస్టన్ అప్పటికే కరగడం మొదలైనట్టు. బండి ఆపి టో చేయించండి.

బూస్ట్ పెంచినప్పుడు ఒక స్టెప్ కోల్డ్ ప్లగ్ (వేడిని త్వరగా వదిలే స్పార్క్ ప్లగ్), గ్యాప్ 0.6 నుంచి 0.7 మి.మీ. వేస్తే మిస్‌ఫైర్లు తగ్గుతాయి.

డీజిల్‌కి ట్యూనింగ్ బాక్స్ పెడితే చాలదా? నల్ల పొగ వస్తేనే పవర్ అంటారు కదా?

నల్ల పొగ అంటే కాలకుండా బయటికి పోయిన డీజిల్, అంటే మీ డబ్బు. గాలి చాలకుండా డీజిల్ పోస్తే పొగ, ఎగ్జాస్ట్ వేడి రెండూ పెరుగుతాయి. టర్బోకి ముందు ఎగ్జాస్ట్ టెంపరేచర్ ఎక్కువసేపు 750 డిగ్రీలు దాటితే టర్బో, పిస్టన్ రెండింటికీ గండమే. పెద్ద పవర్ చేసే డీజిల్‌కి ఆ గేజ్ తప్పనిసరి.

బాక్సులు చాలావరకు రైల్ ప్రెషర్ (ఇంజెక్టర్లకి వెళ్లే డీజిల్ ప్రెషర్) సెన్సార్ సిగ్నల్‌ని తక్కువ చూపించి ఈసీయూని మోసం చేస్తాయి. ఈసీయూ ప్రెషర్ తక్కువుందనుకుని పెంచుతుంది. అంతే, అందులో ఇంకే మాయా లేదు. పంపు, ఇంజెక్టర్లు పడే బాధ ఎవరికీ కనబడదు. సరైన రీమ్యాప్‌లో బూస్ట్, టైమింగ్, డీజిల్, టార్క్ లిమిటర్ అన్నీ కలిపి మారుస్తారు.

టర్బో పోయింది. కొత్తది వేస్తే అయిపోతుందా?

అది ఎందుకు పోయిందో కనుక్కోకుండా వేస్తే కొత్తదీ పోతుంది. లక్షన్నర, రెండు లక్షల ఆర్‌పీఎమ్‌తో తిరిగే షాఫ్ట్ సన్నటి ఆయిల్ పొర మీద తేలుతూ ఉంటుంది. ఘాట్ ఎక్కి వచ్చి వెంటనే ఇంజన్ ఆపేస్తే ఆ ఆయిల్ పెనం మీద మాడిన నూనెలా నల్లగా గట్టిపడి దారి మూసేస్తుంది. కాబట్టి ఆయిల్ ఫీడ్ పైపు, బాంజో బోల్టు మార్చాలి, రిటర్న్ పైపు శుభ్రంగా ఉండాలి, సంప్ (కింది ఆయిల్ ట్రే) తీసి స్ట్రెయినర్ (ఆయిల్ జల్లెడ) చూడాలి. ఇంటర్‌కూలర్ విప్పి కడగాలి, పాత టర్బో ముక్కలు, ఆయిల్ అందులోనే కూర్చుంటాయి.

డీజిల్ వాళ్లకి ఇంకో ముఖ్యమైన మాట. టర్బో సీల్ పోయి ఆయిల్ ఇన్‌టేక్‌లోకి కారితే ఇంజన్ తన ఆయిల్‌నే తాగుతూ పరుగెత్తేస్తుంది. తాళం తీసినా ఆగదు. మాన్యువల్ బండి అయితే బ్రేక్ గట్టిగా తొక్కి, పై గేర్ వేసి క్లచ్ వదిలేసి ఆపాలి. బండి బయట నిలబడి బానెట్‌లో చేతులు పెట్టకండి, ఆగకపోతే దూరంగా జరగండి.

కొత్త ఇంజన్ మొదటిసారి స్టార్ట్ చేయడం, రన్నింగ్ ఇన్ ఎలా?

ఫ్యూయల్ రాకుండా చేసి క్రాంక్ తిప్పి ఆయిల్ ప్రెషర్ వచ్చాకే స్టార్ట్ చేయాలి. టర్బో ఆయిల్ రంధ్రంలో ముందే కొంచెం ఆయిల్ పోయండి. స్టార్ట్ అయ్యాక షెడ్డులో గంటసేపు ఐడిల్‌లో పెట్టి పూజ చేసుకుంటూ కూర్చోకండి. పూజ ముందే చేసుకోండి. రింగులు కూర్చోవాలంటే లోడ్ కావాలి, ఐడిల్ కాదు. తెల్లవారుజామున శ్రీకాళహస్తి రోడ్డు ఎక్కండి, ఒకే స్పీడ్‌లో కాకుండా మధ్యస్థంగా లాగుతూ, యాక్సిలరేటర్ వదులుతూ, ఇంజన్ బ్రేకింగ్ ఇస్తూ తిప్పండి. తొలి 100 కిలోమీటర్ల లోపే ఆయిల్, ఫిల్టర్ మార్చండి, ఫిల్టర్ కోసి మడతల్లో మెరుపులు ఉన్నాయేమో చూడండి. 500కి మళ్లీ మార్చండి. 1000 దాకా పెద్ద బూస్ట్ వద్దు.

క్లచ్, గేర్‌బాక్స్?

ముందు జారేది క్లచ్చే. మూడో గేర్‌లో తొక్కితే ఆర్‌పీఎమ్ పెరిగి స్పీడ్ పెరగకపోతే అదే. ఏడు గేర్ల డ్రై క్లచ్ డీఎస్‌జీ (ఫోక్స్‌వ్యాగన్, స్కోడా వాళ్ల ఆటోమేటిక్ గేర్‌బాక్స్) 250 న్యూటన్ మీటర్ల కోసం తయారైంది. 175 ఇచ్చే 1.2 టీఎస్ఐకి అందులో కొంత చోటుంది, కానీ 250కి తీసుకెళ్లి మన ట్రాఫిక్‌లో పాకించుకుంటూ పోతే క్లచ్ ప్యాక్ ఖర్చు భరించడానికి సిద్ధంగా ఉండండి. బ్రేకుల గురించి ఎవరూ అడగరు కాబట్టి నేనే చెబుతున్నా: పవర్ కంటే ముందు ప్యాడ్లు, కొత్త డాట్ 4 ఫ్లూయిడ్.

తిరుమల ఘాట్‌లో టెస్ట్ చేసుకోవచ్చా?

వద్దు. ఆ రోడ్డు మీద టైమ్ చూస్తారు, ఎక్కడానికి 28 నిమిషాలు, దిగడానికి 40 నిమిషాల కంటే ముందు చేరితే పట్టుకుంటారు. దానికంటే ముఖ్యం, పిల్లాపాపలతో భక్తులు నిండిన బస్సులు తిరిగే దారి అది. భాకరాపేట ఘాట్, మొగిలి ఘాట్ కూడా అంతే, అక్కడ జరిగిన యాక్సిడెంట్లు మన జిల్లాలో తెలియనివాళ్లు లేరు. లాగ్ తీసుకోవాలంటే డైనో (రోలర్ల మీద బండి పవర్ కొలిచే యంత్రం) ఎక్కించండి, తొక్కాలనుంటే చెన్నై దగ్గర ఇరుంగట్టుకోట్టై ట్రాక్ మనకి దగ్గరే, ట్రాక్ డే ఉన్నప్పుడు డబ్బు కట్టి వెళ్లండి.

ఆర్టీవో, ఇన్సూరెన్స్ సంగతేంటి?

మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ ఇచ్చిన వివరాలకు తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 సవరణ తర్వాత 182ఏ కింద మార్పుకి 5,000 జరిమానా, ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. ఇన్సూరెన్స్ వాళ్లకి చెప్పకుండా మార్పులు చేస్తే క్లెయిమ్ తిరస్కరించే వీలుంది. వారంటీలో ఉన్న బండి అయితే ఆ మాటే మర్చిపోండి, ఫోక్స్‌వ్యాగన్, స్కోడా వాళ్ల సిస్టంలో రీమ్యాప్ కనబడితే టీడీ1 అని గుర్తు పడుతుంది. పాత ఫైల్ తిరిగి ఎక్కించినా పోదు.

డీపీఎఫ్ (డీజిల్ మసి పట్టే ఫిల్టర్), క్యాట్ (పొగలోని విషవాయువుల్ని తగ్గించేది) తీసేస్తే?

చట్టవిరుద్ధం, వెనకొచ్చే బైకువాడి ఊపిరితిత్తులకి చేటు. డీపీఎఫ్ పదేపదే మూసుకుపోతోందంటే రోజూ రెండు కిలోమీటర్లే తిప్పుతున్నారన్నమాట, వారానికోసారి చిత్తూరు దాకా వెళ్లి రండి.

పుదుపేట (చెన్నైలో పాత బండ్ల సామాన్ల బజారు) నుంచి సెకండ్ హ్యాండ్ ఇంజన్ తెస్తే రీబిల్డ్ కంటే చవక కదా?

చవకే. కానీ బిల్లు, ఇంజన్ నంబర్ కాగితాలు లేకపోతే ఆర్‌సీలో ఎక్కించలేరు. అది దొంగ బండిదైతే చిక్కుల్లో పడేది మీరే. పైగా ‘తక్కువ తిరిగిన ఇంజన్’ అనేది అమ్మేవాడి మాట. తెచ్చినా అదే లీక్‌డౌన్ చేయాలి, చాలాసార్లు చివరికి దాన్నీ విప్పాల్సి వస్తుంది. నన్నడిగితే మీ బ్లాక్ బాగుంటే మీదే కట్టించండి.

పని ఎక్కడ చేయించాలి, డబ్బు ఏ వరుసలో పెట్టాలి?

బోరింగ్, ఫేసింగ్, వాల్వ్ సీట్లు మన ఊళ్లోనే బాగా చేసే చేతులున్నాయి, లారీ ఇంజన్లు చేసిచేసి అనుభవం పండిన పెద్దవాళ్లు. వాళ్లకి కొలతల కాగితం ఇచ్చి గౌరవంగా అడిగితే చక్కగా చేసిస్తారు. హడావిడి పెడితే మాత్రం ఎవరైనా అంతంతమాత్రంగానే చేస్తారు. బ్యాలెన్సింగ్, డైనో, ట్యూనింగ్‌కి చెన్నై, బెంగళూరు, కోయంబత్తూరు. డైనో కాగితంలో చక్రాల దగ్గరి పవరా, ఇంజన్ దగ్గరిదా అని అడగండి, మధ్యలో 10 నుంచి 15 శాతం తేడా ఉంటుంది. ముందూ వెనకా ఒకే డైనో మీద, ఒకే వేడిలో తీసిన కాగితాలనే పోల్చాలి.

వరుస అడిగితే: పరీక్షలు, సర్వీసింగ్, కూలింగ్, బ్రేకులు, క్లచ్, ఆ తర్వాత ఫైల్. రీబిల్డ్ అవసరమైతే ఫైల్ కంటే ముందు అది. ఎస్టిమేట్‌కి పైన మూడో వంతు చేతిలో ఉంచుకోండి, ఇంజన్ విప్పాక బయటపడే ఖర్చు ఎవరి ఎస్టిమేట్‌లోనూ ఉండదు.

బండి అమ్మేటప్పుడు ఏం చేయాలి?

స్టాక్ ఫైల్ (కంపెనీ ఇచ్చిన అసలు ప్రోగ్రాం) మొదటి రోజే చదివించి మీ దగ్గర పెన్‌డ్రైవ్‌లో పెట్టుకోండి, ట్యూనర్ దగ్గర ఉంది కదా అని వదిలేయకండి. అమ్మే ముందు అది తిరిగి ఎక్కించండి. కొనేవాడికి రీమ్యాప్ చేశామని, ఇంజన్ విప్పామని చెప్పండి, లేత్ కొలతల కాగితం, బిల్లులు, లీక్‌డౌన్ అంకెలు చూపించండి. బేరం ఆడటానికి అంతకంటే మంచి కాగితాలు లేవు. దాచిపెట్టి అమ్మితే, మన ఊళ్లో కొన్నవాడు, అమ్మినవాడు, షెడ్డువాడు ముగ్గురూ చుట్టాలే అయ్యుంటారు, వారంలో తెలిసిపోతుంది.